అద్దం మీది ఆవిరి

కొత్త స్పాంజి పరుపు వాసన నాకు పడదు. అందులో చెడ్డేమీ లేదు, బడి తెరిచిన రోజుల్లో కొనే కొత్త సంచికీ కొత్త చెప్పులకూ కూడా అదే వాసన ఉంటుంది, అవంటే నాకు ఇష్టమే. కానీ ఈ చలికాలం బచేలీలో బస్సెక్కి దోర్నపాల్‌లో మా తమ్ముడి ఇంటికి చేరి, గడప దాటుతూనే ఆ వాసన ముక్కుకు తగిలి, గదిలో మంచం మీద పరిచిన గులాబీరంగు పసిపిల్లల పరుపును, దానికి కుట్టేసిన గొడుగులాంటి దోమతెరను, అరచేయంత దిండును, రెండు పక్కలా ఆనించిన ఉబ్బెత్తు దూది బొమ్మలను, వాటన్నిటి మధ్య వెతికితే గాని కనబడనంత చిన్నగా ఉన్న ఎనిమిది రోజుల మేనకోడలిని చూసేసరికి, చేతిలోని సంచి కింద పెట్టడం కూడా మరిచి అలాగే నిలబడిపోయాను.

"ఎట్లుందక్కా?" అన్నాడు తమ్ముడు, తానే కుట్టినంత గర్వంగా. "చెయ్యి పెట్టి సూడు, ఎన్నపూస లెక్క మెత్తగుంటది."

బాగుందిరా అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. "అమ్మకు మోకాళ్లు లేవనిస్తలేవు, రాణికేమో ఇంకా నీరసం తగ్గలే. ఈ నెలంతా పిల్ల పక్కన నువ్వే పండుకోవాలక్కా," అన్నాడు. రాణి వాడి భార్య, ఆ మంచం మీదే గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

ముప్పై నాలుగేళ్ల దాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, ఇంతవరకూ ఏ పసిగుడ్డు పక్కనా పడుకోలేదు, నా కడుపున పుట్టినవాళ్ల పక్కన కూడా. నా ఇద్దరు కొడుకులూ వెదురు గంపలోనే పెరిగారు. గంప నా చేతికందే దూరంలో ఉండేది, నేను మాత్రం పాత చీరపేలికతో నా కాలిని మంచంకోడుకు కట్టుకుని పడుకునేదాన్ని. మా ఇంట్లో ఆవు లేదు గానీ కట్టుకొయ్య ఉంది అని మా ఆయన గని కాలనీ అంతా చెప్పి నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఎందుకు కట్టుకుంటున్నానో ఆయనకూ చెప్పలేదు, ఈ తమ్ముడికీ చెప్పలేదు. చెప్పాలంటే సరిహద్దు అడవుల్లో, గొల్లపల్లి దగ్గరి మా ఊరి నుంచి మొదలుపెట్టాలి.

మా ఊళ్లో నిద్ర కూడా కాలాన్ని బట్టి తావు మార్చుకునేది. ఎండాకాలం వస్తే మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేవి, పక్కనే చాపల మీద ఇప్పపూలు ఎండుతుంటే ఆ పులిసిన తీపి వాసన దుప్పట్లకు, జుట్టుకు, ఆఖరికి తాగే నీళ్లకు కూడా పట్టేది, తునికి పండ్లు తిన్న చేతులు జిగటగా ఒకదానికొకటి అంటుకుంటుంటే అలాగే నిద్రపోయేవాళ్లం. తొలకరి పడగానే అందరం లోపలికి దూరేవాళ్లం. లోపల ఉన్నది ఒక్కటే పొడుగాటి గది, అందులో సగం వడ్లు పోసిన గుమ్మిదే, పేడతో అలికిన ఆ వెదురు గుమ్మి చుట్టూ సొరబుర్రల్లో విత్తనాలు, కోళ్ల గంపలు, నాయన ముడిచి పెట్టిన వలలు. నాయనమ్మ మంచం తలుపు దగ్గర ఉండేది. పామొచ్చినా దొంగొచ్చినా ముందు నన్ను దాటి పోవాలె అనేది. నాయన దూడల పక్కన పడుకునేవాడు, అమ్మా నేనూ లోపలి నులక మంచం మీద. నేల మీద మాత్రం ఎవరూ పడుకోకూడదు. కట్లపాము మనిషి వెచ్చదనానికి పక్కలోకి వస్తుందని, అది కరిచినట్టు కూడా తెలియదని, పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోతారని మాకు మాటలు వచ్చినప్పటి నుంచీ చెప్పేవాళ్లు. తాడును చూసి పామనుకునే పిల్లను నేను. మంచం మీద నుంచి చెయ్యి కిందికి జారితే ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఆ భయాన్ని మరిపించేది నాయనమ్మ బొంత. కోతలు అయిపోయాక, చలి మొదలయ్యే ముందు, పాత నూలుచీరలు ఏడు వరసలు నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, తాను మధ్యలో చతికిలబడి అంచు నుంచి లోపలికి కుట్టుకుంటూ వచ్చేది. ఒక వరస అమ్మ పెళ్లి నాటిది, ఒకటి చచ్చిపోయిన మేనత్తది, ఒకటి ఎవరిదో ఆమెకే గుర్తుండేది కాదు. గంజి, ఎండ, పొయ్యి పొగ, దీపంలో పోసే ఇప్పనూనె, ఇవన్నీ కలిసిన వాసన దానిది. ఆ అంచు కుట్టు నేర్చుకోవడానికి పక్క ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చేవాళ్లు. నాయనమ్మ వాళ్లకు తొందరగా నేర్పేది కాదు, సగం నేర్పి తమలపాకులు నమిలేది. నా బొంత కప్పుకుంటే చలి గూడ దండం పెట్టి పోతది అని ఆమె అంటే అది గొప్పలు చెప్పుకోవడం కాదు, నిజంగానే పోయేది.

నాకు ఏడేళ్లప్పుడు, శ్రావణంలో, చెల్లెలు పుట్టింది. బాలింతకు గాలి సోకకూడదని కిటికీలో గోనెపట్టా కుక్కారు, తలుపు ఓరగా కూడా తెరవనిచ్చేవాళ్లు కాదు, మంచం కింద కుంపట్లో నిప్పులు, వాటి మీద అప్పుడప్పుడు సాంబ్రాణి. చెల్లెలి కోసం నాయనమ్మ ఆ వేసవంతా కూర్చుని కొత్తగా కుట్టిన బొంతను రెండు మడతలు వేసి కింద పరిచింది, తల గుండ్రంగా రావాలని ఆవాలు నింపిన దిండు పెట్టింది, పైన ఇంకో బొంత కప్పింది. ఇంతకంటే మెత్తని పక్క దొరల పిల్లలకు కూడా ఉండదని ఊరంతా అంది. చెల్లెలి దగ్గర పసుపు, ఆముదం, పాలు కలిసిన వాసన వచ్చేది, దాని చెవి ఇప్పపువ్వంత ఉండేది. దాని పక్కన పడుకుంటానని నేను ఏడ్చి గోల చేశాను. చివరికి ఒప్పుకున్నారు. అటు అమ్మ, ఇటు గోడవైపు నేను, మధ్యలో అది.

పురుడు వెళ్లిన మర్నాడు ఉదయం అమ్మ గొంతుకు మెలకువ వచ్చింది. అమ్మ ఏడవడం లేదు. వాగు అవతలి మనిషిని పిలుస్తున్నట్టు, ఓ పాపా, ఓ పాపా, అని పిలుస్తోంది, అంతే. పాప పలకలేదు. నా కుడి చెయ్యి బొంత కింద ఉంది. బొంత కింద ఎక్కడ ఉంది, దేని మీద ఉంది అన్నది ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాదు. ఈ ఇరవై ఏడేళ్లలో ఎన్నిసార్లు కళ్లు మూసుకుని ఆ మంచం మీదికి వెళ్లి వచ్చానో లెక్క లేదు, ప్రతిసారీ బొంత దగ్గరే ఆగిపోతాను.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అడగనూ లేదు. పక్కింటి వెంకటమ్మ పెద్దమ్మ మూడు రోజులు మాకు అంబలి కాచి తెచ్చింది, మంచి మనిషి, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు. గుమ్మి వెనక నేను వేయించిన ఇప్పపూలు నోట్లో వేసుకుని కూర్చున్నానని ఆమెకు తెలియదు.

"పక్కల పండబెట్టుకున్నప్పుడు ఎవరో ఒకరు మీద ఒరిగి ఉంటరు," అంది నాయనతో, గొంతు తగ్గించి. "నిద్రల ఎవరికి తెలుస్తది బిడ్డా?"

ఆమె ఎవరి పేరూ చెప్పలేదు. కానీ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నేను తడుముకున్నాను. నోట్లోని పూలు మింగుడు పడలేదు, ఉమ్మేస్తే చప్పుడవుతుందని ఉమ్మనూ లేదు. ఏడేళ్లకే నాకు తీర్పు అయిపోయింది, తీర్పరినీ నేనే.

ఆ తర్వాత మా ఇంట్లో కొన్ని మార్పులు వచ్చాయి. వాటికి ఎవరూ కారణం చెప్పలేదు, పిల్లలకు కారణాలు చెప్పే అలవాటు కూడా మా ఇళ్లలో లేదు. నాయనమ్మ ఆ కొత్త బొంతను చంకన పెట్టుకుని వాగుకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చింది, మళ్లీ సూది పట్టలేదు. ఎవరైనా అడిగితే కండ్లు కనబడతలేవు అనేది, అదే మనిషి చాటలో బియ్యం పోసుకుని నువ్వుగింజంత రాయిని కూడా ఏరి పారేసేది. అమ్మ పడుకోవడం మానేసింది, అంటే పక్క మీద వాలడం మానేసింది, గోడకు వీపు ఆనించి మోకాళ్లు ముడుచుకుని కూర్చునే కునుకు తీసేది. నేను అమ్మ మంచం మీదికి రానని మొండికేసి, గుమ్మి అవతల చిన్న మంచం వేయించుకుని, దూడ పలుపు ఒకటి తెచ్చి ఒక కొస గుంజకు, ఇంకో కొస నా కాలికి కట్టుకోవడం మొదలుపెట్టాను. నిద్రలో లేచి ఎవరి మీదికైనా వెళ్లిపోతానేమోనని నా భయం.

"ఇదేందే సీతా?" అన్నాడు నాయన.

"పాముకు భయమైతాంది," అన్నాను.

కాలికి పలుపు కట్టుకుంటే పాము ఎలా ఆగుతుందో నాయన అడగలేదు. తలకాయ ఊపి వెళ్లిపోయాడు.

ఆ ఏడు కొత్తల పండుగ వచ్చింది, కొత్త బియ్యం, చిక్కుడుకాయ, కోడికూర, ఇంటింటికీ ఆకుదొన్నెల్లో పంపకాలు, అన్నీ ఎప్పటిలాగే జరిగాయి. ఆడపిల్లలందరం వాగొడ్డున మొక్కజొన్న కండెలతో బొమ్మల ఆట ఆడేవాళ్లం, కండెకు అంటుకున్న పీచే బొమ్మకు జుట్టు, తునికాకే దుప్పటి. అందరూ బొమ్మలను ఒళ్లో, పక్కలో పడుకోబెట్టుకుని జోకొడుతుంటే నేను మాత్రం నా బొమ్మను దూరంగా చదును రాయి మీద ఒంటరిగా పెట్టి, మీది ఆకు కూడా తీసేసేదాన్ని. నీ పిల్లకు తల్లి లేదా ఏందే అని ఏడిపించేవాళ్లు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకునేదాన్ని.

రెండేళ్లు గడిచాక అమ్మకు మళ్లీ నెల తప్పింది. అమ్మ కడుపు పెరుగుతున్న కొద్దీ నాలో భయం పెరిగింది. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా అదే భయమని ఇప్పుడు అనుకుంటే తెలుస్తుంది, ఎందుకంటే పుట్టబోయే బిడ్డ పేరు గురించి గాని, ఆడో మగో అని గాని ఒక్కరూ మాట్లాడలేదు, ఎప్పుడు చూసినా ఒకటే మాట, ఎక్కడ పండబెట్టాలె. నేల మీద అంటే కట్లపాము. నులక మంచం మీద అంటే పట్టె సందులో జారుతుంది. చీర ఉయ్యాల కడదామని నాయన అంటే, ఉయ్యాల మడతలో గడ్డం గుండెకు ఆని ఊపిరాడక పోయిన పిల్లను నా కండ్లతో సూసిన అని నాయనమ్మ కొట్టిపారేసింది. ఇవన్నీ గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు గాని, తల్లి పక్కలో అన్న మాట ఒక్కరి నోటా వచ్చేది కాదు. అది రాబోతుందేమోనని ప్రతిసారీ నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

అప్పట్లో వారానికి ఒకసారి సైకిల్ మీద నర్సమ్మ వచ్చేది. ఆమెది హిందీ, నాయనమ్మది తెలుగూ మా వాళ్ల దోర్లీ భాషా, మధ్యలో సంతకు పోయి పోయి హిందీ నేర్చిన నాయన. ఆమె అమ్మ కడుపు చూసి, గది చూసి, కిటికీలో గోనెపట్టాను వేలితో పొడిచి చూసి, చాలాసేపు చెప్పింది. నాయన ఒక్కొక్కటే తెలుగులో చెప్పుకొచ్చాడు.

"పిల్లను ఎప్పుడైనా వెల్లకిలనే పండబెట్టాల్నంట. కింద చదునుగ, గట్టిగుండాల్నంట. మెత్త పరుపు వద్దంట, దిండు వద్దంట, మొఖం మీదికొచ్చే బొంత వద్దంట. మంచం కింద నిప్పులు పెట్టి తలుపు మూయొద్దంట. తల్లికి దగ్గర్నే ఉండాలె, గని పక్క వేరే ఉండాల్నంట."

మెత్త పరుపు వద్దంట అన్న దగ్గరే నాయనమ్మ లేచి కొట్టంలోకి వెళ్లిపోయింది. పరాయి మనిషి వచ్చి తనకు చెప్పిందని కోపం వచ్చిందనుకున్నాను. పక్క వేరే ఉండాలన్న మాటకు అమ్మ తల వంచుకుని తన చేతులు తాను చూసుకుంది. నేను నా చెయ్యి చూసుకున్నాను. పక్క వేరే ఉండడమే మంచిదైతే, కలిసి పడుకోవడం చెడ్డదన్నట్టే కదా. నర్సమ్మ కూడా పెద్దమ్మ మాటే చెప్పింది, హిందీలో.

పుష్యంలో, ఎముకలు కొరికే చలిలో, తమ్ముడు పుట్టాడు. పోయిన బిడ్డ తర్వాత పుట్టినవాణ్ణి దేవుడి కంట పడకుండా దాచాలి కాబట్టి, కడిగి తుడిచిన వెంటనే మంత్రసాని వాణ్ణి చాటలో పెట్టుకుని వెళ్లి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పెట్టి, ఎవరో పారేసిన పిల్లాడు దొరికాడని కేకేసింది. నాయనమ్మ ఏమీ ఎరగనట్టు గుప్పెడు తవుడు పోసి కొనుక్కుంది. అందుకే వాడు పెంటయ్య. వాడి జీవితంలో మొదటి పక్క పెంటకుప్ప, రెండో పక్క చాట. చాటలో ఒక్క పొర పాతచీర మీద, వెల్లకిలా, చేతులు రెండూ పైకెత్తి లొంగిపోయినట్టు పడుకున్న వాణ్ణి చూసి నాయనమ్మే అంది, గట్లనే ఉండనీ, బాగుంది అని.

చాట చాలదని నాయన దోర్నపాల్ సంతలో గంపలల్లే మనిషి దగ్గర కూర్చుని, చదునైన అడుగుతో, జానెడు ఎత్తు అంచుతో వెడల్పాటి వెదురు గంప ఒకటి అల్లించుకొచ్చాడు. ఎక్కడా పేడు లేవకుండా నాయనమ్మ మూడు రోజులు వాగురాయితో లోపలంతా రుద్దింది, రుద్దిన చోటల్లా తన చెంప ఆనించి చూసింది. నాయన పాత పంచె ఒక్క పొర బిగుతుగా లాగి అంచులు గంప కిందికి దోపేవాళ్లు, అంతకు మించి అందులో ఏమీ ఉండకూడదు, దిష్టిబొమ్మ కూడా బయటే. చలికి వాడికి చొక్కా మీద చొక్కా తొడిగేవాళ్లు, పొద్దున ఎండ కాయించేవాళ్లు. అమ్మ మంచం పక్కనే బల్ల, బల్ల కోళ్ల కింద చీమలు ఎక్కకుండా నీళ్ల డబ్బాలు, బల్ల మీద గంప, గంప మీద రెండు వెదురు బద్దలు వంచి వాటి మీద నర్సమ్మ ఇచ్చిన దోమతెర. కుంపటి వసారాలోకి పోయింది. గోనెపట్టా ఊడిపోయింది.

సరిగ్గా అప్పుడే మా ఇంటి అద్దం తావు తప్పడం మొదలైంది. రేకు చట్రం ఉన్న గుండ్రని చిన్న అద్దం, ఏదో జాతరలో నాయనమ్మ కొన్నది, వసారా గుంజకు మేకు మీద వేలాడేది. చూస్తే మేకు ఖాళీగా ఉండేది. కాసేపటికి నాయనమ్మ కొంగులోంచి తీసి మళ్లీ తగిలించేది. ముసలితనంలో ముస్తాబు మీదికి మనసు పోయిందే అనుకుని నవ్వుకున్నాను.

నాకు మాత్రం వాడి ఊపిరి మీదే ధ్యాస. బడి లేదు, ఆట లేదు. వాడు ఏడిస్తే నాకు హాయిగా ఉండేది, ఊరుకుంటే గుండె దడ. వాడి ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగిలేది, కానీ అది వాడిదో గాలిదో తేలేది కాదు. వాకిట్లో ఆడుకునే పిల్లలు చలి పొద్దుల్లో నోటి ఆవిరితో పొగ వదులుతుంటే చూసి నాకు అద్దం ఆలోచన వచ్చింది. ముక్కు దగ్గర అద్దం పెడితే మసక పట్టాలి. ఎవరూ చూడకుండా రెండుసార్లు పెట్టి చూశాను, పట్టింది. ఆ తెల్లని మసక నా కంటికి దేవుడి కంటే ఎక్కువైంది.

ఒక మధ్యాహ్నం అమ్మ వాగుకు స్నానానికి వెళ్లింది. నాయనమ్మ పెరట్లో కంది ఎండబోస్తూ, తమ్ముణ్ణి సూస్తుండే అని చెప్పి వెళ్లింది. వాడు పాలు తాగి పడుకున్నాడు. పడుకున్నవాడు కదలడం లేదు. పెదవి చూశాను, పొట్ట చూశాను, రెండు చొక్కాల కింద ఏమీ తెలియలేదు. మేకు మీద అద్దం లేదు. వెతికితే పెరటి పిట్టగోడ మీద, ఎండలో కనబడింది. తెచ్చి, దోమతెర ఎత్తి, వాడి ముక్కు దగ్గర పెట్టాను.

మసక పట్టలేదు.

తుడిచి మళ్లీ పెట్టాను. పట్టలేదు. అద్దంలో వాడి ముక్కుపుటాలు రెండూ స్పష్టంగా, నల్లగా కనబడుతున్నాయి. పక్క వేరే ఉంది, దిండు లేదు, బొంత లేదు, నేను వాడి మీద చెయ్యి కూడా వెయ్యలేదు, అయినా పోయాడు, ఎందుకంటే చూస్తుండమని చెప్పింది నన్నే. నా దగ్గర ఉంటే చాలు పోతారు. ఆ క్షణంలో అనుకున్న మాట ఇది, ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు. వాణ్ణి గంపలోంచి లాగి పట్టుకుని కేక పెట్టాను. నా కేకకు వాడు ఉలిక్కిపడి లేచి నన్ను మించి కేక పెట్టాడు.

నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. కంది చేతుల్లోంచి రాలుతూనే ఉంది. వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని తలా కాళ్లూ తడిమి, తర్వాత గంపలో పడి ఉన్న అద్దాన్ని చూసింది. దాన్ని తీసి చెంపకు ఆనించుకుంది.

"ఎండల పెట్టిన అద్దానికి ఆవిరి పడతదా పిచ్చిదానా?" అంది. "కాగి ఉంది గద. కుండ నీళ్లల్ల ముంచి, తుడిసి, అప్పుడు పెట్టాలె."

ముంచింది, కొంగుతో తుడిచింది, ఏడుపు ఆపి వెక్కుతున్న వాడి ముక్కు దగ్గర పెట్టింది. తెల్లగా, పెసరగింజంత మసక పట్టి, వెలక్కాయంత అయి, తగ్గి, మళ్లీ పెరిగింది. ఇద్దరం చాలాసేపు చూశాం. కుండ నీళ్లలో ముంచి తుడవాలని ఆమెకు ఎలా తెలుసు, ఎన్నిసార్లు పెట్టి చూస్తే తెలిసింది అని నాకు అప్పుడు తట్టలేదు. నేను ఎందుకు పెట్టి చూశానని ఆమె కూడా అడగలేదు. ఒక్క మాట అటు నుంచి గాని ఇటు నుంచి గాని వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

తమ్ముడికి అయిదేళ్లప్పుడు అడవిలో తుపాకుల గొడవలు వచ్చి ఊరు ఖాళీ అయింది. మోయగలిగింది మోసుకుని రోడ్డు పక్కకు, దోర్నపాల్‌కు వచ్చేశాం. గుమ్మి మోయలేం కదా, బల్లా మోయలేదు, గంపలో కోళ్లను వేసుకుని బయలుదేరితే దారిలో దాని అడుగు ఊడిపోయింది. నాయనమ్మ కొంగులో అద్దం మాత్రం వచ్చింది. రేకుల షెడ్డులో ఇంకో నాలుగేళ్లు బతికి, ఆమె పోయింది. ఆ తర్వాత నాయన కూడా పోయాడు.

ఇన్నేళ్ల తర్వాత, తమ్ముడు షాపు తెరవడానికి వెళ్లి, రాణి వేన్నీళ్ల స్నానానికి లేచి వెళ్లాక, గులాబీ పరుపు ముందు నేనూ అమ్మా మిగిలాం. అమ్మ నేల మీద జరుగుతూ మంచం దగ్గరికి వచ్చి, పిల్ల తల కింది దిండు మెల్లగా లాగేసింది. తర్వాత ఒక బొమ్మ. తర్వాత రెండోది. ఆ చేతులు చూస్తుంటే నాకు నోరు పెగిలింది.

"నేను దీని పక్కన పండుకోనమ్మా," అన్నాను. "చెల్లె మీద నిద్రల చెయ్యి వేసింది నేనే."

అమ్మ నా వైపు చూసింది. ఏ చెల్లె అని అడగలేదు.

"నువ్వా?" అంది. "ఏడేండ్ల పిల్లవు, కట్టెపుల్లంత ఉంటివి. నువ్వేం చేస్తవే? మీద ఒరిగింది నేను. నేనే సీతా."

తర్వాత అమ్మ, దిండును ఒళ్లో పెట్టుకుని, తనకు తాను చెప్పుకుంటున్నట్టు అంది.

"మీ నాయనమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకున్నది. కోడలా, నా బొంతనే ఆ పిల్లను తిన్నది, అన్నది. నీది కాదత్తా అని ఒక్కమాట అంటే ఆ ముసలి పానం సల్లగ పోతుండె. అనలే. అంటే నాది నేను చెప్పుకోవాల్సొస్తదని."

ఒక్క గదిలో, ఒక్క గుమ్మి చుట్టూ, ముగ్గురం ఎవరి హత్య వాళ్లు దాచుకుని తిరిగాం. బొంతా, కుంపటి పొగా, చెయ్యా, లేక ఎవరికీ పేరు తెలియని జబ్బా, అది ఇక తేలదు, తేల్చేవాళ్లూ లేరు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. పక్కింట్లో వెదురు గంప ఉందేమో అడుక్కురా అంది.

గంప దొరికింది. రుద్దడానికి వాగురాయి లేదు, గరుకు కాగితంతో రుద్దాను, చెంప ఆనించి చూశాను. పాత పంచె ఒక్క పొర. పిల్లను వెల్లకిలా పడుకోబెడితే చేతులు రెండూ పైకెత్తింది, అచ్చం వాళ్ల నాన్నలాగే. అన్నానికి వచ్చిన తమ్ముడు గంపను చూసి, మూలన నిలబెట్టిన పరుపును చూసి, కొత్త పరుపు ఏం పాపం చేసిందే అన్నాడు. నువ్వు పండుకో దానిమీద అంది అమ్మ. వాడికి అంతా చెప్పాలి. చెబుతాను.

ఆ మధ్యాహ్నం గంప పక్కన మంచం మీద వాలాను. చీరపేలిక సంచిలోనే ఉంది, తియ్యలేదు. మా ఊరు ఇప్పుడు లేదు, ఇళ్ల మీద చెట్లు మొలిచాయని వెళ్లి చూసినవాళ్లు అంటారు, ఏడు వరసల ఆ అంచు కుట్టు నాయనమ్మతోనే పోయింది, నేర్చుకున్నవాళ్లంతా సగమే నేర్చుకున్నారు. పిల్ల ఊపిరి వింటూ ఇవన్నీ అనుకుంటూ, కాలు విడిగా ఉందన్న భయంతోనే, ఎప్పుడు పట్టిందో తెలియదు, నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ముక్కు మీద ఏదో చల్లగా ఉంది. మోకాళ్లు లేవని మా అమ్మ నేల మీద జరుగుతూ వచ్చి, మంచంపట్టె పట్టుకుని, రేకు చట్రం తుప్పు పట్టిన ఆ అద్దం నా ముఖం దగ్గర పట్టుకుని ఉంది. అద్దం మీద నీళ్ల తడి ఇంకా ఆరలేదు.

"ముందు దానికి పెట్టి సూసిన," అంది. "తర్వాత నీకు."